పాచి, గార, చిగురు : ఇంటిలో దంతరక్షణ

ఉదయం లేచి నోరు కడుగుకొనని వానిని మన తెలుగువారు పాచిముఖంతో ఉన్నాడని అంటారు. పాచినోటితో ఏమీ తినరాదని ఇంటి పెద్దలు మందలిస్తారు. చెరువు మెట్ల రాళ్ళపై జారుడుగా పట్టే పచ్చని పొరకు కూడా పాచి అనే పేరు. ఈ రెండింటికీ ఒకే మాటను పూర్వులు తెలిసి పెట్టారో, తెలియక పెట్టారో గాని, నేటి సూక్ష్మజీవశాస్త్రం ఆ పేరును సమర్థిస్తున్నది. రాతిమీది పాచి వలెనే పంటిమీది పాచి కూడా ప్రాణమున్న పొర. నీరు పోసినంత మాత్రాన అది వదలదు, గీరితేనే వదలుతుంది. దంతవైద్యులు దీనినే ప్లాక్ అంటారు. మేము ఈ వ్యాసంలో పాచి అనే మాటనే వాడుతాము. ఇంత చక్కని మాట ఇంటిలో ఉండగా మరొకటి అరువు తెచ్చుకొనవలసిన అవసరం లేదు.

పళ్ళు తోముకొనేటప్పుడు చిగుళ్ళ నుండి నెత్తురు కనిపించడం మనలో చాలామందికి అనుభవమే. అప్పుడు సామాన్యంగా జరిగేది ఏమిటి? బ్రష్షు గట్టిదని, చిగురు గాయపడినదని తలచి, నెత్తురు వచ్చిన చోటును నాలుగు రోజులు తాకకుండా వదలివేస్తారు. కొందరు తోమడమే మాని, నీళ్ళు పుక్కిలించి ఊరుకుంటారు. చూడడానికి ఇది జాగ్రత్త వలెనే ఉంటుంది. కాని పంటికి జరిగే హానిలో అధికభాగం ఇక్కడే మొదలవుతుంది. ఆరోగ్యమైన చిగురు మెత్తని బ్రష్షు తగిలినంత మాత్రాన నెత్తురు కార్చదు. పంటికి, చిగురుకు నడుమ పేరుకొన్న పాచివల్ల చిగురు వాచి, దానిలోని సన్నని రక్తనాళాలు ఉబ్బి ఉన్నందువల్లనే కొద్దిపాటి ఒరపిడికి నెత్తురు వస్తుంది. అందువల్ల నెత్తురు వచ్చిన చోటునే మరింత శ్రద్ధగా, మెత్తగా శుభ్రం చేయవలెను. మా వ్యాసంలో పాఠకులు ఒక్క మాటనే గుర్తుంచుకొనదలిస్తే ఈ మాటను గుర్తుంచుకొనవలసినదిగా కోరుతున్నాము.

పాచిని మొదట కంటితో పరీక్షించి లోకానికి తెలిపినవాడు వైద్యుడు కాడు. హాలెండు దేశంలోని డెల్ఫ్ట్ నగరంలో బట్టల వర్తకం చేసిన ఆంటొని వాన్ లీవెన్‌హుక్ అనే వ్యక్తి తాను స్వయంగా తయారుచేసుకొన్న కటకాలతో పంటిసందులలోని తెల్లని ముద్దను చూసి, అందులో కదలాడుతున్న సూక్ష్మప్రాణులను గురించి 1683వ సంవత్సరంలో లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. ఆయన ప్రతి ఉదయం పళ్ళను ఉప్పుతో రుద్దుకొనే అలవాటు ఉన్నవాడు. అయినా దవడపళ్ళ సందులలో ఆ తెల్లని పదార్థం మిగిలియే ఉన్నదని ఆయన గ్రహించాడు. అద్దంలో కనిపించే ముందుపళ్ళు మెరిసినంత మాత్రాన నోరు శుభ్రమైనట్లు కాదని మూడు శతాబ్దాల క్రిందటనే రుజువైనది. మన కళాశాలలోని విజ్ఞానశాస్త్ర విద్యార్థులు పంటిసందులో నుండి పుల్లతో కొంచెం పాచిని తీసి, నీటిబొట్టులో కలిపి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడవచ్చును. ఒకసారి చూసినవారికి రాత్రి తోముకొమ్మని వేరుగా చెప్పనవసరం ఉండదు.

చిగురువాపునకు పాచియే కారణమని నిస్సందేహంగా తేల్చిన ప్రయోగం 1965లో వెలువడినది. డెన్మార్కు దేశంలో హెరాల్డ్ లో అనే ఆచార్యుడు, ఆయన సహచరులు కలిసి, ఆరోగ్యమైన చిగుళ్ళు గల 12 మందిని పళ్ళు శుభ్రపరచుకొనడం పూర్తిగా మానివేయమన్నారు. వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులు, అంటే మన పాఠకుల వయస్సువారే. 10 నుండి 21 రోజుల లోపల వారందరికీ చిగుళ్ళు ఎఱ్ఱబారి వాచినవి. తిరిగి శుభ్రపరచుకొనడం ప్రారంభించగా సుమారు వారం రోజులలో చిగుళ్ళు మునుపటి స్థితికి వచ్చినవి. మందు లేదు, మాత్ర లేదు, పుక్కిలింత లేదు. ఇందులో మనకు రెండు విషయాలు బోధపడుతున్నవి. ఎంతటి ఆరోగ్యవంతునికైనా మూడు వారాల అశ్రద్ధ చాలు. తొలిదశలో ఉన్న చిగురువ్యాధి ఇంటిలోనే, మన చేతులతోనే కుదురుతుంది.

తొలిదశ దాటితే కథ మారుతుంది. తొలగించని పాచిలోకి లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి అది గట్టిపడుతుంది. దీనినే గార అంటారు. గోడకు పూసిన గార ఎంత గట్టిగా అంటుకుంటుందో ఇదీ అంతే. క్రింది ముందుపళ్ళ లోపలివైపు, పైదవడ వెనుకపళ్ళ బయటివైపు ఇది త్వరగా పడుతుంది. లాలాజలగ్రంథుల ద్వారాలు ఆ చోట్లకు దగ్గరగా ఉండడమే కారణం. గార గరుకు ఉపరితలంపై మరల పాచి నిలుస్తుంది. ఆ వాపు క్రమంగా చిగురు క్రిందకు దిగి, పంటిని పట్టి ఉంచే ఎముకను హరిస్తుంది. పోయిన ఎముక ఇంటి చిట్కాలతో తిరిగి రాదు. ఇది జరిగేటప్పుడు నొప్పి దాదాపు ఉండదు. పిప్పిపన్ను అరిచి చెబుతుంది, చిగురు మాత్రం చెప్పకుండా పోతుంది. నలభై ఏండ్లు దాటినవారికి పుచ్చు ఏమీ లేని గట్టి పళ్ళు కదలి ఊడిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. దానిని వయస్సు మీదికి నెట్టడం ఆచారమైపోయినది. వయస్సు పంటిని ఊడదీయదు. ఏండ్ల తరబడి నిలిచిన పాచి, గార, పొగాకు, అదుపు తప్పిన చక్కెరవ్యాధి, ఇవి ఊడదీస్తవి. చక్కెరవ్యాధి గలవారికి చిగురువ్యాధి ముదురుతుంది, చిగురువ్యాధి ముదిరితే రక్తంలో చక్కెర అదుపు కష్టమవుతుంది. ఇంటిలో చక్కెరవ్యాధి గల తల్లిదండ్రులు ఉన్న విద్యార్థులు ఈ సంగతిని వారికి తప్పక చెప్పవలెను.

గారను ఇంటిలో పిన్నుతోనో, బ్లేడుతోనో గీకరాదు. అది దంతవైద్యుడు తన పరికరాలతో తీయవలసినది. పళ్ళు శుభ్రం చేయిస్తే వదులవుతవని మన ప్రాంతంలో గట్టి నమ్మకం ఉన్నది. దీనికి ఆధారం లేకపోలేదు, కాని అర్థం చేసుకొనడంలో పొరపాటు ఉన్నది. ఎముక కరిగిన తరువాత పళ్ళను ఒకదానితో ఒకటి గారయే అతికించి ఉంచుతుంది. దానిని తొలగించగానే అంతకుముందే వచ్చిన కదలిక బయటపడుతుంది. సందులు కొత్తగా కనిపించడం, చల్లనినీరు కొన్నాళ్ళు జివ్వుమనడం కూడా ఇందువల్లనే. పైపన్ను తీయిస్తే కంటిచూపు పోతుందనే మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు. పంటికి, కంటికి వెళ్ళే నరాలు వేరు.

ఇక సాధనాల విషయం. వేపపుల్ల, గానుగపుల్ల, మిస్వాక్ మన ఇండ్లలో తరతరాలుగా ఉన్నవి. వీటిని హీనంగా చూడవలసిన పని లేదు. పుల్ల చివరను బాగా నమిలి, మెత్తని కుచ్చుగా చేసి, చిగురు నుండి పంటికొన వైపునకు తోమితే పాచి వదలుతుంది. మిస్వాక్ నమిలేవారికి వెలుపలివైపు పళ్ళు శుభ్రంగా ఉండడం సహజం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, పుల్ల నిటారుగా ఉండడం వల్ల పళ్ళ లోపలివైపునకు, చివరి దవడపళ్ళ వెనుకకు సులభంగా చేరదు. నమలని గట్టి పుల్లతో అడ్డంగా రుద్దేవారికి చిగురు పైకి జరిగి పంటివేరు బయటపడుతుంది. పుల్ల వాడేవారు ఉదయం దానినే వాడుకొని, రాత్రి పడుకొనే ముందు మెత్తని బ్రష్షు వాడితే రెండింటి మేలూ దక్కుతుంది.

బ్రష్షు మెత్తనిది కావలెను. గట్టిది బాగా తోముతుందనే భావన సరి కాదు, అది చిగురును, మెడ దగ్గర పంటిని అరగదీస్తుంది. కుచ్చును పంటికి, చిగురుకు కలిసే గీతపై ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్న కదలికలతో రెండేసి పళ్ళ చొప్పున సాగిపోవలెను. వెలుపలివైపు, లోపలివైపు, నమిలేవైపు, ఈ మూడింటికీ కలిపి రెండు నిమిషాలు పడుతుంది. గడియారం చూసి ఒకసారి తోమి చూడండి. రెండు నిమిషాలు ఎంత దీర్ఘమో, మనం ఇన్నాళ్ళు ఎంత తొందరగా ముగిస్తున్నామో తెలుస్తుంది. కుచ్చు విచ్చుకొన్న బ్రష్షును, లేదా మూడు నెలలు దాటినదానిని మార్చవలెను. ఒక బ్రష్షును ఇద్దరు వాడరాదు. పంటిసందులకు దంతవైద్యులు సూచించే సన్నని దారం గాని, సందులు వెడల్పయినవారికి చిన్న సందుబ్రష్షు గాని ఉపయోగించవచ్చును. భోజనానంతరం అగ్గిపుల్లతో, గుండుసూదితో కుట్టుకొనడం చిగురును చీల్చుకొనడమే.

ఉదయం ఒక్కసారే తోముకొనేవారు ఎందరో ఉన్నారు. అందులో వారిని తప్పు పట్టలేము, పాచిముఖం అనే మాటయే ఉదయానికి చెందినది. కాని నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. రోజంతా పంటిని కడిగి కాపాడేది లాలాజలమే. ఆ కాపలా లేని ఏడెనిమిది గంటలపాటు అన్నపు మెతుకును, తీపిని పంటిపై వదలి నిద్రించడం పాచికి విందు పెట్టడమే. రెండింటిలో ఒకటే వీలయితే రాత్రిదానిని ఎన్నుకొమ్మని మేము చెబుతాము.

పళ్ళపొడుల సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. బొగ్గుపొడి, పిడకల కచ్చిక, ఇటుకపొడి, ఇసుకతో కూడిన ఉప్పు, ఇవన్నీ గరుకు పదార్థాలు. పంటిపై ఎనామిల్ అనే పొర దేహంలోకెల్లా కఠినమైనది. అయినా దానిలో ప్రాణకణాలు లేవు, కనుక అరిగిన ఎనామిల్ తిరిగి పెరగదు. కచ్చికతో తోమితే పళ్ళు తెల్లబడతవనేది నిజమే. మరకతోపాటు పంటిపొర కూడా కొంచెం కొంచెంగా పోతుంది, క్రిందనున్న పసుపురంగు పొర బయటపడి, చివరకు పళ్ళు మునుపటికంటె పచ్చబడతవి. పొగాకు కలిపిన నల్లపొడులు మరింత హానికరం. దంతచూర్ణాలలో, పేస్టులలో పొగాకు వాడరాదని 1992లో భారత ప్రభుత్వం నిషేధించినది.

పేస్టు ఏదయినా పాచిని తొలగించే పని బ్రష్షుదే. పేస్టు చేసే వేరే మేలు అందులోని ఫ్లోరైడుది. ఇక్కడ మన ప్రాంతపు విద్యార్థులకు ఒక న్యాయమైన సందేహం కలుగుతుంది. నల్లగొండ పల్లెలలో పళ్ళను గోధుమరంగుకు తిప్పి, ఎముకలను వంచినది ఫ్లోరైడే కదా, దానినే పేస్టులో ఎందుకు కలుపుతారు?

ఈ సందేహానికి జవాబు మోతాదులో ఉన్నది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో వైద్యవృత్తి ప్రారంభించిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు ఆ ఊరివారి పళ్ళపై గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపడి, ఏండ్ల తరబడి దాని కారణాన్ని వెదికాడు. ఆ మచ్చల పళ్ళు పుచ్చడం తక్కువ అనే మరొక వింతనూ గమనించాడు. 1931లో త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని తేలినది. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెలలో వైద్యులు గుర్తించారు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చునని, మరొక నీటివనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణం. నల్లగొండ బావులలో కొన్నింటి నీరు ఈ హద్దును ఎన్నో రెట్లు దాటినది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ 1970వ దశకంలో రూపొందించినది. దానికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనియే పేరు. ఒక జిల్లా తన బాధ వల్ల శాస్త్రగ్రంథాలకు ఎక్కడం గర్వించదగినదో, విచారించదగినదో మేము చెప్పలేము.

అధిక ఫ్లోరైడు నీటిని పళ్ళు దవడలో తయారవుతున్న బాల్యంలో త్రాగితేనే ఈ మచ్చలు ఏర్పడుతవి. అవి పంటిలోనివే కనుక ఇటుకపొడితో, నిమ్మచెక్కతో రుద్దినా పోవు. ఆ మచ్చలకు సిగ్గుపడి చేయి అడ్డం పెట్టుకొని నవ్వే యువతీయువకులను మనం చూస్తాము. వారు అశుభ్రులు కారు, ఆ ఊరి నీటిని త్రాగినవారు మాత్రమే. వారిని అపహసించేవారు ముందు ఈ పేరా చదువవలెను. అటువంటి నీటిని కాచి త్రాగడం వల్ల ప్రయోజనం లేదు. కాగిన కొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడు చిక్కబడుతుంది. పేస్టులోని ఫ్లోరైడు మ్రింగడానికి కాదు, పంటి ఉపరితలంపై పనిచేసి, ఆమ్లానికి కరిగిన లవణాలను తిరిగి చేర్చడానికి. పెద్దలు దానిని ఉమ్మివేస్తారు కనుక భయం లేదు. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్ల వరకు బఠాణీగింజంత చాలు. అదీ పెద్దలు దగ్గర నిలిచి ఉమ్మించవలెను. తోమిన తరువాత నోటినిండా నీళ్ళు పోసి పలుమార్లు పుక్కిలిస్తే ఆ ఫ్లోరైడు వెంటనే పోతుంది. నురుగు ఉమ్మివేసి ఊరుకొనడం మేలు.

తిండి విషయంలో అందరూ తీపి మానమంటారు. మేము ఎన్నిసార్లు అని అడుగుతాము. చక్కెర నోట పడగానే పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తయారుచేస్తవి. అది తగ్గి, లాలాజలం నోటిని తిరిగి సమస్థితికి తెచ్చేసరికి సుమారు అరగంట నుండి గంట పడుతుంది. భోజనంతోపాటు ఒక లడ్డు తింటే ఒక దాడి. అదే చక్కెరను రోజంతా గుక్కెడు గుక్కెడు చాయ్‌గా, చాక్లెట్లుగా, శీతలపానీయంగా తీసుకొంటే పదిసార్లు దాడి. స్వీడన్‌లోని విపెహోమ్ అనే ఆశ్రమంలో 1940వ దశకంలో ఈ విషయాన్ని రుజువు చేశారు. అక్కడ ఉన్న మానసిక వికలాంగులకు భోజనాల నడుమ పళ్ళకు అతుక్కొనే మిఠాయిలు పెట్టి, వారి పళ్ళు పుచ్చిపోవడాన్ని లెక్కించారు. ఫలితం నిజమైనదే, పద్ధతి మాత్రం అమానుషం. తమ అంగీకారం చెప్పలేనివారి పళ్ళను చెరిచి తెచ్చిన జ్ఞానమని తెలుసుకొని దానిని వాడుకొనడం మన ధర్మం.

రంజాన్ మాసంలో ఉపవసించే విద్యార్థులు సహరీ ముగించిన వెంటనే, సమయం మించకముందే బ్రష్షుతో తోముకొనవలెను. అటుపై సాయంకాలం వరకు నోరు ఎండి ఉంటుంది, లాలాజలం తక్కువ. పగలు మిస్వాక్ వాడడం మేలు. ఇఫ్తారులో ఖర్జూరం తరువాత నీటితో నోరు పుక్కిలించి, తరావీహ్ నుండి తిరిగివచ్చి నిద్రించే ముందు మరల తోముకొంటే చాలు.

వక్క, పాన్ మసాలా, గుట్కా గురించి మొగమాటం లేకుండా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఈ అలవాటు విద్యార్థి వయస్సులోనే అంటుకొంటున్నది. పొగాకు లేని వట్టి వక్కయే నోటి లోపలి పొరను బిగుసుకొనిపోయేలా చేస్తుంది. ముందుగా కారం తింటే మంట, తరువాత చెంపలు తెల్లబారి గట్టిపడడం, చివరకు నోరు తెరవలేకపోవడం. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ప్రచురించిన సంపుటంలో వక్కనే క్యాన్సర్ కారకంగా చేర్చారు. అద్దం ముందు నిలబడి నోరు తెరిచి, మీ మూడు వ్రేళ్ళను నిలువుగా ముందుపళ్ళ నడుమ పెట్టి చూడండి. ప్రవేశించకపోతే ఆ దినమే పొట్లం పారవేసి వైద్యుని కలవవలెను. చెంపలోనో, నాలుకపైనో మూడు వారాలకు మానని పుండు ఉన్నవారు కూడా ఆలస్యం చేయరాదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెలలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ స్త్రీల అంగిలిపై ఎంత చెరుపు చేసినదో వైద్యగ్రంథాలు చెబుతున్నవి.

ఇంటి మందులలో రెండింటికి మేము చోటిస్తాము. గోరువెచ్చని గ్లాసుడు నీటిలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలించడం వాపును కొంత ఉపశమింపజేస్తుంది. లవంగనూనె దూదితో అద్దితే పంటినొప్పి కొంతసేపు మొద్దుబారుతుంది. రెండూ వైద్యుని వద్దకు చేరేవరకు పనికివచ్చేవే, పుచ్చును మాన్పేవి కావు. నొప్పి ఉన్న పంటి ప్రక్కన ఆస్పిరిన్ మాత్ర అదిమి పెట్టుకొంటే చిగురు కాలిపోతుంది. చెంపకు కాపడం పెట్టడం వల్ల చీము మరింత వ్యాపించే ప్రమాదం ఉన్నది. జ్వరంతో చెంప వాచినా, మ్రింగడం కష్టమైనా అది ఇంటి వైద్యానికి లొంగే దశ కాదు.

కబడ్డీ, క్రికెట్ ఆడే మిత్రులకు మరొక విషయం. దెబ్బ తగిలి శాశ్వతదంతం వేరుతో సహా ఊడిపడితే దానిని పారవేయరాదు. వేరును తాకకుండా తలభాగంతో పట్టుకొని, మన్ను అంటి ఉంటే రుద్దకుండా నీటిలో కొన్ని క్షణాలు కడిగి, ఊడిన గుంటలోనే తిరిగి నిలిపి రుమాలును కొరికిపట్టి ఉంచవలెను. అది వీలుకాకపోతే చల్లని పాలలో వేసి, అరగంట లోపల దంతవైద్యుని వద్దకు చేర్చగలిగితే ఆ పన్ను మరల నాటుకొనే అవకాశం చాలా ఉన్నది. పాలపన్నయితే తిరిగి పెట్టరాదు. వ్యాయామ ఉపాధ్యాయుని గదిలో ప్రథమచికిత్స పెట్టెపై ఈ నాలుగు మాటలు వ్రాసి అంటించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము.